ఇంటి ప్లగ్గులోని 50 హెర్ట్జ్‌ను మిల్లీహెర్ట్జ్ దాకా కొలవడం: ఒక మీటరు నిర్మాణ కేస్ స్టడీ

కేసు ఏమిటి

మల్టీమీటరును ఫ్రీక్వెన్సీ మోడ్‌లో పెట్టి చూస్తే మెయిన్స్, అంటే ఇంటి కరెంటు, 50.0 అనో 49.9 అనో చూపిస్తుంది. గ్రిడ్‌లో నిజంగా జరిగేది అంతకంటే కింద, చుక్క తర్వాత రెండో అంకెలో, మూడో అంకెలో ఉంటుంది. ఎక్కడో లోడు పెరిగితే ఆ గ్రిడ్‌కు కట్టుబడి తిరుగుతున్న జనరేటర్లన్నీ తమ రోటర్లలో నిల్వ ఉన్న శక్తిలో కొంత ఇచ్చేసి కాస్త నెమ్మదిస్తాయి. వాటి వేగాన్ని అదుపుచేసే గవర్నర్లు ఆ తగ్గుదలను పట్టుకుని ఆవిరినో నీటినో పెంచుతాయి. ఈ లాగుడు పీకుడు అంతా పదుల మిల్లీహెర్ట్జ్‌ల పరిధిలో సాగుతుంది. అది కనపడాలంటే ఒక్క మిల్లీహెర్ట్జ్ వరకు నమ్మదగిన మీటరు కావాలి.

ఇక్కడి లక్ష్యం మూడు ముక్కల్లో చెప్పొచ్చు: సెకనుకు ఒక రీడింగు, అందులో మూడో దశాంశం వరకు నిజం, నెలల తరబడి ఆగని లాగింగ్. మొదలుపెట్టింది చాలామంది కట్టే రూపంతోనే. చిన్న ట్రాన్స్‌ఫార్మర్, ఒక ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను వెలుగు ద్వారా దాటించే భాగం), ఆర్డుయినో ఊనో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, ఇంటరప్ట్‌లో (సిగ్నల్ రాగానే చేతిలో పని ఆపి నడిచే కోడ్‌లో) మైక్రోసెకన్ల ఫంక్షన్ పిలిచి రెండు అంచుల మధ్య, అంటే సిగ్నల్ మారే రెండు క్షణాల మధ్య, తేడా తీయడం. ఈ రూపం పనిచేస్తుంది, అంకెలు మారుతూ కనపడతాయి, గ్రాఫ్ కూడా వస్తుంది. ఆ గ్రాఫ్‌లో గ్రిడ్ ఎంత, మీటరు సొంత లోపం ఎంత అన్నదే ఈ కేసు.

ముందు లెక్క

50 హెర్ట్జ్‌లో ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు. ఒక్క సైకిల్‌ను కొలిచేటప్పుడు 1 మైక్రోసెకను తప్పితే ఫ్రీక్వెన్సీలో 2.5 మిల్లీహెర్ట్జ్ తప్పు వస్తుంది. అదే 50 సైకిళ్లను ఒకే కిటికీగా తీసుకుని, మొదటి అంచు నుంచి చివరి అంచు వరకు కొలిస్తే అదే 1 మైక్రోసెకను తప్పు 0.05 మిల్లీహెర్ట్జ్‌కు పడిపోతుంది. కాబట్టి అంచును పట్టుకోవడంలోని వణుకు పెద్ద శత్రువు కాదు. కిటికీ పెద్దదైతే అది దానంతటదే చిన్నదవుతుంది.

కిటికీ ఎంత పెంచినా చిన్నది కాని తప్పు ఒకటుంది. కొలిచే గడియారం తప్పు. 50 హెర్ట్జ్‌లో 1 మిల్లీహెర్ట్జ్ అంటే పది లక్షల్లో 20 వంతులు, అంటే 20 పీపీఎం. గడియారం 20 పీపీఎం తేడాగా నడిస్తే ప్రతి రీడింగూ 1 మిల్లీహెర్ట్జ్ పక్కకు జరిగి ఉంటుంది. గంట సగటు తీసినా, రోజు సగటు తీసినా అంతే. ఫ్రీక్వెన్సీ మీటరంటే రెండు గడియారాల పోలిక: ఒకటి గ్రిడ్, రెండోది మన బోర్డు మీదిది. రెండోదాని మీద ఎంత నమ్మకముంటే ఫలితం మీద అంతే నమ్మకం ఉంచాలి.

ఈ మాట ఎంత ముఖ్యమో 2018 చూపించింది. ఆ ఏడాది జనవరి మధ్య నుంచి మార్చి మొదటి వారం దాకా ఖండాంతర యూరప్ గ్రిడ్‌లో, కొసొవో, సెర్బియా ప్రాంతంలో సరఫరా లోటు పూడ్చకపోవడం వల్ల సగటు ఫ్రీక్వెన్సీ 49.996 దగ్గర ఉండిపోయింది. తేడా 4 మిల్లీహెర్ట్జ్ మాత్రమే. మెయిన్స్ సైకిళ్లను లెక్కబెట్టి నడిచే ఓవెన్ గడియారాలు, రేడియో అలారాలు దాదాపు ఆరు నిమిషాలు వెనకబడ్డాయి. 4 మిల్లీహెర్ట్జ్ అంటే 80 పీపీఎం, రోజుకు సుమారు 7 సెకన్లు, యాభై రోజులకు ఆరు నిమిషాలకు దగ్గర. అంత పెద్ద సంఘటన మొదటి రూపంలోని మీటరుకు కనపడే అవకాశమే లేదు. ఎందుకో కింద ఉంది.

మొదటి రూపంలో ఏం తప్పు

ఊనో మూడో రివిజన్ బోర్డు మీద మెరిసే లోహపు డబ్బా క్రిస్టల్ కనిపిస్తుంది. దాన్ని చూసి క్వార్ట్జ్ ఉందనుకుంటాం. ఆ క్రిస్టల్ యూఎస్‌బీ సంగతి చూసే చిప్పుది. లెక్క చేసే ప్రధాన చిప్పు ఏటీమెగా328పీకి మాత్రం గడియారంగా చిన్న సిరామిక్ రెజొనేటరే దిక్కు. అలాంటి రెజొనేటరుకు 0.5 శాతం వరకు తేడా ఉండొచ్చు. అంటే 50 హెర్ట్జ్ మీద 250 మిల్లీహెర్ట్జ్. గ్రిడ్ మామూలుగా ఊగే పరిధి కంటే ఇది ఎక్కువ. పైగా రెజొనేటరు గది ఉష్ణోగ్రతతో పాటు కదులుతుంది. మధ్యాహ్నం ఒకవైపు, తెల్లవారుజామున ఒకవైపు జరిగే నునుపైన గీత గ్రాఫ్‌లో వస్తే అది గ్రిడ్ రోజువారీ చక్రమని పొరబడటం చాలా తేలిక. చిప్పు లోపలి ఆర్‌సీ ఆసిలేటరు (రెసిస్టరు, కెపాసిటరుతో నడిచే గడియారం) ఇంకా ఘోరం, ఫ్యాక్టరీ అమరిక ఉన్నా 10 శాతం వరకు తేడా ఉండొచ్చని డేటాషీటే చెబుతుంది.

రెండోది, 16 మెగాహెర్ట్జ్ ఆర్డుయినోలో మైక్రోసెకన్ల ఫంక్షన్ నాలుగేసి మైక్రోసెకన్లుగా దూకుతుంది. ఒక్కో సైకిల్‌ను కొలిస్తే రీడింగులు 10 మిల్లీహెర్ట్జ్ మెట్లుగా వస్తాయి. దానికి తోడు మిల్లీసెకన్ల లెక్క కోసం వెనక నడిచే టైమర్ ఇంటరప్ట్ మన ఇంటరప్ట్‌ను అప్పుడప్పుడు కొన్ని మైక్రోసెకన్లు ఆపుతుంది.

మూడోది తక్కువమంది గమనించేది, సర్క్యూట్‌లో అన్నిటికంటే ఆసక్తికరమైనది కూడా. ఆప్టోకప్లర్ లోపలి ఎల్ఈడీ సున్నా దగ్గర వెలగదు. దానికి ముందున్న రెసిస్టరుతో కలిపి, చెప్పుకోవడానికి 3 వోల్టుల దగ్గర అవుట్‌పుట్ మారుతుందనుకుందాం. శిఖరం 17 వోల్టులైతే సున్నా దాటిన 564 మైక్రోసెకన్లకు అంచు వస్తుంది. ఇంట్లో పెద్ద లోడు పడి వోల్టేజీ 2 శాతం తగ్గితే అదే అంచు సుమారు 576 మైక్రోసెకన్లకు వస్తుంది. ఫ్రీక్వెన్సీ ఏమాత్రం మారలేదు, అంచు మాత్రం 12 మైక్రోసెకన్లు జరిగింది. ఒక్క సైకిల్ రీడింగులో ఇది 29 మిల్లీహెర్ట్జ్ గుచ్చులా కనపడుతుంది. వోల్టేజీ మార్పు ఫ్రీక్వెన్సీ మార్పు వేషం వేసుకోవడమంటే ఇదే. మందు ఒక్కటే, అంచును సున్నాకు వీలైనంత దగ్గర పట్టుకోవడం.

మార్చిన సర్క్యూట్

మెయిన్స్‌ను రెసిస్టర్లతో నేరుగా ఆప్టోకప్లర్‌కు ఇచ్చే డిజైన్లు చాలా కనిపిస్తాయి. అవి ఈ కేసులో వద్దనే నిర్ణయం. బ్రెడ్‌బోర్డు మీదికి 230 వోల్టులు రావడమంటే ఒక్క వదులు తీగతో ప్రాణం మీదికి వస్తుంది. బయటికి ఏసీ ఇచ్చే, మూతవేసిన 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టరు చాలు. కొనేముందు అవుట్‌పుట్ దగ్గర ఏసీ అనో, అలల గుర్తో ఉందేమో చూడాలి. స్విచింగ్ అడాప్టర్లు డీసీ ఇస్తాయి, అందులో 50 హెర్ట్జ్ మిగలదు. లోడు లేనప్పుడు 9 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 12 వోల్టుల వరకు ఇవ్వడం మామూలే. శిఖరం అప్పుడు సుమారు 17 వోల్టులు. సెకండరీకి (ట్రాన్స్‌ఫార్మరు అవుట్‌పుట్ చుట్టకు) అడ్డంగా 1 కిలోఓమ్, అర వాట్ రెసిస్టరు పెడితే గాల్లో తేలే స్పైకులు కాస్త అణుగుతాయి.

సున్నాను పట్టుకునే పని ఎల్ఎం393 కంపారేటరుది, అంటే రెండు వోల్టేజీల్లో ఏది ఎక్కువో చెప్పే చిప్పుది. 5 వోల్టుల సరఫరాతో నడుపుతూ, 1.5 కిలోఓమ్, 1 కిలోఓమ్ డివైడరుతో 2.0 వోల్టుల రిఫరెన్సు తయారుచేయాలి. కింది రెసిస్టరుకు అడ్డంగా 100 మైక్రోఫారడ్ కెపాసిటరు. రిఫరెన్సు 2.5 కాకుండా 2.0 ఎందుకంటే, ఎల్ఎం393 ఇన్‌పుట్ సరఫరా కంటే 2 వోల్టులు కిందనే ఉండాలి, అంటే 3.0. సిగ్నల్ రిఫరెన్సుకు అటూ ఇటూ 0.6 ఊగుతుంది కాబట్టి 2.5 పెడితే 3.1 దాకా పోతుంది. 2.0 పెడితే 2.6 దగ్గర ఆగుతుంది.

సెకండరీ ఒక చివర ఈ రిఫరెన్సుకు కలపాలి. రెండో చివర నుంచి 10 కిలోఓమ్, ఆ తర్వాత బిందువు నుంచి రిఫరెన్సుకు 100 నానోఫారడ్ ఫిల్మ్ కెపాసిటరు. అక్కడి నుంచి 47 కిలోఓమ్ ద్వారా కంపారేటరు ప్లస్ ఇన్‌పుట్‌కు. ప్లస్ ఇన్‌పుట్ నుంచి రిఫరెన్సుకు ఎదురెదురుగా రెండు 1ఎన్4148 డయోడ్లు. మైనస్ ఇన్‌పుట్ నేరుగా రిఫరెన్సుకు. అవుట్‌పుట్ నుంచి ప్లస్ ఇన్‌పుట్‌కు 4.7 మెగాఓమ్. అవుట్‌పుట్ నుంచి 5 వోల్టులకు 4.7 కిలోఓమ్ పుల్‌అప్. సరఫరా పిన్నుల దగ్గర 100 నానోఫారడ్. ఎల్ఎం393 అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్, అంటే కిందికి లాగగలదు గాని తనంతట పైకి ఎత్తలేదు, కాబట్టి పుల్‌అప్ మరిచిపోతే ఏ అంచూ రాదు. తొలిసారి కట్టినప్పుడు ఏమీ రాకపోతే ముందు చూడాల్సింది అదే.

డివైడరుతో సిగ్నల్‌ను చిన్నది చేయకుండా డయోడ్లతో ఎందుకు కత్తిరించాలి? సున్నా దాటే చోట అల ఎంత నిటారుగా ఉంటే శబ్దం అంత తక్కువ హాని చేస్తుంది. 16 వోల్టుల శిఖరమున్న అల సున్నా దగ్గర మిల్లీసెకనుకు 5 వోల్టుల వేగంతో ఎక్కుతుంది. అక్కడ 1 మిల్లీవోల్టు శబ్దం 0.2 మైక్రోసెకన్ల తప్పుతో పోతుంది. అదే అలను డివైడరుతో పదో వంతు చేస్తే అదే శబ్దం 2 మైక్రోసెకన్లు తప్పిస్తుంది. డయోడ్లు పైభాగాన్నే కోస్తాయి, మనకు పనికొచ్చే మధ్యభాగాన్ని ముట్టుకోవు.

10 కిలోఓమ్, 100 నానోఫారడ్ జంట 159 హెర్ట్జ్ పైన ఉన్నవాటిని తగ్గిస్తుంది. అల సుమారు 0.97 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. ఈ ఆలస్యం చూసి కంగారు పడనక్కర్లేదు. రెండు అంచులూ ఒకే ఆలస్యంతో వస్తే తేడాలో అది కొట్టుకుపోతుంది. ఆలస్యం మారే వేగం మాత్రమే లెక్కలోకి వస్తుంది. ఉష్ణోగ్రత వల్ల కెపాసిటరు 1 శాతం మారితే ఆలస్యం 9 మైక్రోసెకన్లు మారుతుంది, కానీ అది నిమిషాల మీద జరుగుతుంది, కాబట్టి రీడింగులో కనపడదు. ఫిల్టరును ఇంకా కిందికి, 16 హెర్ట్జ్‌కు దింపితే అల మూడో వంతుకు పడిపోయి నిటారుతనం పోతుంది. అక్కడ లాభం కంటే నష్టం ఎక్కువ.

4.7 మెగాఓమ్ ఇచ్చే హిస్టరిసిస్, అంటే ఎక్కే అంచు హద్దుకూ దిగే అంచు హద్దుకూ మధ్య ఎడం, సుమారు 60 మిల్లీవోల్టులు. ఎక్కే అంచు సున్నా కంటే 24 మిల్లీవోల్టులు పైన పడుతుంది, అంటే 5 మైక్రోసెకన్లు ఆలస్యం. ఇప్పుడు పాత 2 శాతం వోల్టేజీ పరీక్ష మళ్లీ పెట్టి చూస్తే అంచు జరిగేది 0.1 మైక్రోసెకను. ముందు 12 ఉండేది. హిస్టరిసిస్ తీసేస్తే ఇంకా బాగుంటుందనుకోకూడదు. సున్నా దగ్గర డిమ్మర్లు, మోటారు డ్రైవులు వేసే చిన్న గాట్ల వల్ల ఒక్క దాటుడుకు రెండు మూడు అంచులు వస్తాయి.

ఒక హెచ్చరిక. ఇదే సెకండరీ నుంచి ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫైయరు పెట్టి బోర్డుకు కూడా కరెంటు ఇద్దామనిపిస్తుంది. అలా చేయకూడదు. సెకండరీ చివరను రిఫరెన్సుకు కట్టేశాం, బ్రిడ్జ్ అదే చివరను మరో డయోడ్ ద్వారా గ్రౌండుకు లాగుతుంది. బోర్డుకు విడిగా 5 వోల్టుల సరఫరా ఉండాలి.

అంచును పట్టుకోవడం

ఏటీమెగా328పీలో టైమర్ 1కు ఇన్‌పుట్ క్యాప్చర్ ఉంది, అది ఆర్డుయినోలో 8వ పిన్ను. అంచు రాగానే ఆ క్షణపు లెక్కను హార్డ్‌వేరే రిజిస్టరులో పట్టి ఉంచుతుంది. ఇంటరప్ట్ ఎంత ఆలస్యంగా నడిచినా విలువ మారదు. మైక్రోసెకన్ల ఫంక్షన్‌ను వదిలి దీనికి మారడమే సాఫ్ట్‌వేర్‌లో అతిపెద్ద మెరుగుదల.

ప్రీస్కేలర్ (క్లాకును భాగించే అమరిక) 8 పెడితే ఒక టిక్ 0.5 మైక్రోసెకను, 16 బిట్ల లెక్క 32.768 మిల్లీసెకన్లకు ఒకసారి తిరుగుతుంది. 50 హెర్ట్జ్ సైకిల్ 40,000 టిక్కులు. ప్రీస్కేలర్ లేకుండా 62.5 నానోసెకన్ల టిక్ వస్తుంది కానీ లెక్క ప్రతి 4.096 మిల్లీసెకన్లకు తిరుగుతుంది. కంపారేటరు శబ్దం దానికంటే పెద్దది కాబట్టి ఆ సూక్ష్మత వృథా. క్యాప్చర్‌లోని నాయిస్ క్యాన్సలర్ ఆన్ చేయవచ్చు. అది నాలుగు క్లాక్ సైకిళ్ల స్థిరమైన ఆలస్యం మాత్రమే చేరుస్తుంది.

50 సైకిళ్ల కిటికీ 16 బిట్లలో పట్టదు. లెక్క నిండి మళ్లీ సున్నాకు తిరిగే ఓవర్‌ఫ్లోలను వేరుగా లెక్కబెట్టి పై 16 బిట్లుగా చేర్చాలి. ఇక్కడే చాలా కోడ్‌లు చిక్కుకునే ఇరుకు సందు ఉంది. అంచు, ఓవర్‌ఫ్లో దాదాపు ఒకేసారి వస్తే క్యాప్చర్ ఇంటరప్ట్ ముందు నడుస్తుంది, ఓవర్‌ఫ్లో ఇంకా లెక్కకు ఎక్కి ఉండదు. క్యాప్చర్ ఇంటరప్ట్‌లో ఓవర్‌ఫ్లో ఫ్లాగ్ (ఓవర్‌ఫ్లో జరిగిందని చెప్పే బిట్) చూడాలి. ఫ్లాగ్ లేచి ఉండి, పట్టుకున్న విలువ 32,768 కంటే తక్కువగా ఉంటే ఆ ఓవర్‌ఫ్లో అంచు కంటే ముందు జరిగిందని అర్థం, పై భాగానికి ఒకటి కలపాలి. విలువ ఎక్కువగా ఉంటే కలపకూడదు.

ఇంటరప్ట్‌లో మిగతా పని చాలా తక్కువ: గత అంచు నుంచి 15 మిల్లీసెకన్లు కాకపోతే వదిలేయడం, సైకిల్ లెక్క పెంచడం, యాభైయ్యవ సైకిల్‌కు 32 బిట్ల సమయాన్ని దాచి జెండా ఎత్తడం. ప్రింటింగ్ ఇక్కడ చేయకూడదు. 9600 బాడ్‌లో ఒక అక్షరానికి దాదాపు 1 మిల్లీసెకను పడుతుంది, ఇరవై అక్షరాలంటే ఒక సైకిల్ మొత్తం పోయినట్టే. ప్రధాన లూప్ ఆ 32 బిట్ల విలువను చదివేటప్పుడు ఇంటరప్ట్‌లు ఆపాలి. ఇది 8 బిట్ల చిప్పు, నాలుగు బైట్లను నాలుగు దఫాలుగా చదువుతుంది. మధ్యలో విలువ మారితే సగం పాతది, సగం కొత్తది చేతికొస్తుంది.

తేడా ఎప్పుడూ ప్లస్, మైనస్ గుర్తులేని (అన్‌సైన్డ్) 32 బిట్ల పూర్ణాంకాల మధ్యనే తీయాలి. ఫ్లోటుకు (దశాంశ సంఖ్యకు) మార్చడం ఆ తర్వాతి పని. ఈ చిప్పులో డబుల్ అన్నా అది 32 బిట్ల ఫ్లోటే, అందులో కచ్చితమైన పూర్ణాంకాలు 24 బిట్ల వరకే. పెద్ద సమయాలను ముందే ఫ్లోటుగా మార్చి తీసివేస్తే కింది అంకెలు పోతాయి. ఒక సెకను తేడా 20 లక్షల టిక్కులు మాత్రమే కాబట్టి తేడా తీశాక మార్చితే ఏ నష్టమూ లేదు.

తప్పుడు అంకెలే చెప్పే లోపాలు

ఈ మీటరులో మంచి విషయమేమిటంటే ప్రతి లోపమూ తన వేలిముద్ర వదులుతుంది. లాగ్‌లో ఒక అడ్డదిడ్డపు విలువ వస్తే దాన్ని సగటులో కలిపేసి దాచకుండా అది ఏ అంకో చూడాలి.

49.02 వచ్చిందంటే ఒక సైకిల్ తప్పిపోయింది. యాభై సైకిళ్లకు 1 సెకను బదులు 1.02 సెకన్లు పట్టినట్టు లెక్క పడింది. 51.02 వస్తే ఒక దొంగ అంచు లోపలికి దూరింది, హిస్టరిసిస్ చాలడం లేదు, లేదా 15 మిల్లీసెకన్ల అడ్డు పనిచేయడం లేదు. 51.69, దాని వెంటనే 48.41, లేదా అదే జంట తిరగబడి వస్తే పైన చెప్పిన ఓవర్‌ఫ్లో సందు. ఒక కిటికీ 32.768 మిల్లీసెకన్లు తగ్గింది, పక్కది అంతే పెరిగింది. తప్పు 128 మైక్రోసెకన్ల గుణిజంలో ఉంటే చదువుతుండగా బైట్లు విరిగాయి. సరిగ్గా 35 నిమిషాల 47 సెకన్లకు ఒకసారి పిచ్చి విలువ వస్తుంటే 32 బిట్ల లెక్క తిరిగే చోట గుర్తుతో కూడిన (సైన్డ్) సంఖ్యనో ఫ్లోటునో వాడారు. 60 హెర్ట్జ్ గ్రిడ్‌లో కిటికీని 60 సైకిళ్లు చేసుకోవాలి. అప్పుడు ఒక సైకిల్ తప్పితే 59.02 కనపడుతుంది.

50.000 దగ్గర అతుక్కుపోయి, గంటల తరబడి అసలు ఊగని గీత వస్తే సంతోషించకూడదు. ప్లగ్గు వెనక బ్యాటరీ మీద నడిచే ఇన్వర్టరో యూపీఎస్సో ఉంది, అది తన సొంత క్రిస్టల్‌తో చేసిన 50ని మనం కొలుస్తున్నాం. నిజమైన గ్రిడ్ ఎప్పుడూ అంత ప్రశాంతంగా ఉండదు.

గడియారాన్ని సరిచేయడం

మొదటి అడుగు, ఏటీమెగా328పీకే క్వార్ట్జ్ క్రిస్టల్ ఉన్న బోర్డు, లేదా బ్రెడ్‌బోర్డు మీద చిప్పు, 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, రెండు 22 పికోఫారడ్ కెపాసిటర్లు. మామూలు క్రిస్టల్ 20, 30 పీపీఎం తేడాలో ఉంటుంది. అంటే 250 మిల్లీహెర్ట్జ్ తప్పు ఒకటి, ఒకటిన్నర మిల్లీహెర్ట్జ్‌కు దిగింది.

రెండో అడుగు జీపీఎస్ మాడ్యూలు. యూబ్లాక్స్ నియో 6ఎం లాంటివి సెకనుకొక పల్సు ఇస్తాయి, దాని అంచు పదుల నానోసెకన్లలో నిజం. ముందుగా మెయిన్స్‌ను తీసేసి ఈ పల్సును 8వ పిన్నుకే ఇచ్చి చూడాలి. 20,00,000 టిక్కులు రావాల్సిన చోట 20,00,037 వస్తే బోర్డు క్రిస్టల్ 18.5 పీపీఎం వేగంగా ఉంది. ఫ్రీక్వెన్సీ లెక్కలో 20 లక్షల స్థానంలో ఆ 20,00,037ను పెడితే సరిపోతుంది.

అయితే అది ఆ క్షణపు, ఆ ఉష్ణోగ్రత విలువ. నిరంతరం సరిదిద్దాలంటే మెయిన్స్ 8వ పిన్నులో ఉండగా జీపీఎస్ పల్సును 2వ పిన్ను ఇంటరప్ట్‌కు ఇచ్చి, అందులో టైమర్ 1ను చదవాలి. ఇక్కడ ఇంటరప్ట్ ఆలస్యపు వణుకు కొన్ని మైక్రోసెకన్లు ఉంటుంది. కానీ 100 సెకన్ల మీద సగటు తీస్తే 10 మైక్రోసెకన్ల వణుకైనా 0.1 పీపీఎం మాత్రమే, ఫ్రీక్వెన్సీలో 0.005 మిల్లీహెర్ట్జ్. పల్సు వచ్చినంత మాత్రాన దాన్ని నమ్మకూడదు. ఉపగ్రహాలు దొరకకముందే పల్సు ఇచ్చేలా కొన్ని మాడ్యూళ్లను అమర్చి ఉంచవచ్చు. మాడ్యూలు సీరియల్‌గా పంపే వాక్యంలో ఫిక్స్ (ఉపగ్రహాలతో తేల్చిన స్థానం) చెల్లుతుందని చెప్పే అక్షరం చూసి, అనుకున్న విలువకు 100 పీపీఎం దాటిన అంతరాలను పారేయాలి.

జీపీఎస్‌కు ఆకాశం కనపడని చోట డీఎస్3231 అనే గడియారం చిప్పు వాడొచ్చు. 0 నుంచి 40 డిగ్రీల మధ్య అది 2 పీపీఎంలో ఉంటుంది, అంటే 0.1 మిల్లీహెర్ట్జ్. దాని స్క్వేర్‌వేవ్ పిన్నును 1 హెర్ట్జ్‌కు అమర్చాలి, మొదట అది అలారం ఇంటరప్ట్ రీతిలో ఉంటుంది, పుల్‌అప్ కూడా పెట్టాలి. పేరు చివర ఎం అక్షరమున్న రకం వేరు. దాని లోపల క్వార్ట్జ్ లేదు, 5 పీపీఎం వరకు తేడా ఉంటుంది.

పరీక్ష పేరుతో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. అదే బోర్డులోని మరో టైమరుతో 50 హెర్ట్జ్ చేసి 8వ పిన్నుకు ఇస్తారు. ఎంత చెడ్డ రెజొనేటరైనా 50.000 అనే చూపిస్తుంది, ఎందుకంటే కొలిచేదీ కొలవబడేదీ ఒకే గడియారం. ఆ పరీక్ష కోడ్ లెక్కలను పరీక్షిస్తుందే గాని గడియారాన్ని ముట్టుకోదు.

మిగిలిన తప్పు ఎంత

ఒక సెకను కిటికీలో టిక్ పరిమాణం వల్ల 0.025 మిల్లీహెర్ట్జ్, రెండు అంచుల దగ్గర చెరో మైక్రోసెకను శబ్దముందనుకుంటే 0.07, సరిదిద్దిన గడియారం వల్ల 0.005. మీటరు సొంత తప్పు మొత్తం 0.1 మిల్లీహెర్ట్జ్ దాటదు. ఇక మిగిలింది మీటరుది కాదు, ఇంటి తీగలది. కెటిల్ గాని మోటారు గాని ఆన్ అయితే సరఫరా తీగల ఇండక్టెన్సు వల్ల ప్లగ్గు దగ్గర అల దశ కొద్దిగా దూకుతుంది. ఒక డిగ్రీ అంటే 55.6 మైక్రోసెకన్లు. 0.1 డిగ్రీ దూకితే ఒక సెకను రీడింగులో 0.28 మిల్లీహెర్ట్జ్, ఒక్క సైకిల్ రీడింగులో 14. ఇది నిజంగా జరిగిన దశ మార్పే, గ్రిడ్ ఫ్రీక్వెన్సీ మార్పు మాత్రం కాదు. కాబట్టి తెర మీద మూడు దశాంశాలు, లాగ్‌లో నాలుగు. ఒక్కో సైకిల్ ఫ్రీక్వెన్సీని ప్లాట్ చేసి గ్రిడ్ గురించి తీర్మానాలు చేయడం ఏ సర్క్యూట్‌తోనూ సాధ్యం కాదు. ఫ్రీక్వెన్సీ మారే వేగం కావాలన్నా కనీసం అర సెకను కిటికీ తీసుకోవాలి.

నెలల లాగింగ్‌కు ఇంకో పద్ధతి మేలు. ఫ్రీక్వెన్సీలను కలుపుకుంటూ పోకుండా, మొదటి నుంచి వచ్చిన సైకిళ్ల సంఖ్యను 50తో భాగించి, జీపీఎస్ సెకన్ల సంఖ్యను తీసివేయాలి. వచ్చేది గ్రిడ్ గడియారం ఎన్ని సెకన్లు ముందో వెనకో. ఇందులో ఫ్లోటు తప్పులు పేరుకోవు, సగటు తీయాల్సిన పనీ లేదు. ప్రతి జీపీఎస్ పల్సు దగ్గర దానికి ముందూ వెనకా ఉన్న రెండు అంచుల మధ్య నిష్పత్తి తీసి సైకిల్ భిన్నాన్ని కూడా చేర్చితే రీడింగులు సరిగ్గా సెకను అంచున పడతాయి. వేరేచోటి లాగ్‌తో పోల్చడానికి అది తప్పనిసరి. దీని బలహీనత ఒక్కటే, తప్పిపోయిన ప్రతి సైకిల్ 20 మిల్లీసెకన్ల మెట్టుగా శాశ్వతంగా నిలిచిపోతుంది. అందుకే 49.02, 51.02 వేలిముద్రలను కోడ్‌లోనే పట్టుకుని సంఖ్యను సవరించాలి, సవరించినట్టు లాగ్‌లో రాయాలి.

మీటరు నిజం చెబుతోందని తేల్చే పరీక్షకు రెండు మీటర్లు కావాలి. రెండింటినీ ఒకే ట్రాన్స్‌ఫార్మరుకు కలిపి తేడా చూస్తే వచ్చేది మీటర్ల సొంత శబ్దం. వేర్వేరు ట్రాన్స్‌ఫార్మర్లతో వేర్వేరు గదుల్లో పెడితే దానికి ఇంటి లోడ్ల దూకుళ్లు కలుస్తాయి. ఒకే సింక్రొనస్ గ్రిడ్‌లో, అంటే జనరేటర్లన్నీ ఒకే లయలో తిరిగే గ్రిడ్‌లో, వందల కిలోమీటర్ల దూరాన పెడితే సెకను రీడింగులు తరంగాల్లా ఊగినా నిమిషం సగటులు కలిసిపోవాలి. కలవకుండా స్థిరంగా ఒకే తేడా ఉంటే తప్పు గడియారానిది. రెండు గీతలు ఒక్కసారిగా విడిపోయి వేర్వేరు దారులు పడితే మాత్రం గ్రిడ్డే విడిపోయి ఉండొచ్చు. 2021 జనవరి 8న ఖండాంతర యూరప్ గ్రిడ్ రెండు ముక్కలైనప్పుడు వాయవ్య భాగం 49.74 హెర్ట్జ్‌కు పడింది, ఆగ్నేయ భాగం 50.6కు ఎక్కింది. అంత తేడాను ఊనో రెజొనేటరు కూడా చూపిస్తుంది. కానీ ముక్కలు కాకముందు రెండు గీతలు మిల్లీహెర్ట్జ్ వరకు ఒక్కటిగా ఉన్నాయని చూపగలిగేది గడియారం సరిచేసిన మీటరే.